మంటని మింగే ఇంజన్: పరవాడ తాతగారి బొమ్మ ఎలా తిరిగింది

 

ఇవాళ ముందుగా ఒక తప్పు ఒప్పుకోవాలి. కిందటి ఎపిసోడ్‌లో మా పరవాడలో ఒక తాతగారు తయారుచేసిన చిన్న ఇంజన్ గురించి చెప్పాను, గుర్తుందా? స్పిరిట్ దీపం ముందు పెడితే తిరుగుతుంది, మంట వేడికి సిలిండర్‌లో గాలి వ్యాకోచించి పిస్టన్‌ని బయటికి తోస్తుంది అన్నాను. బోర్డు మీద బాణం గుర్తులు కూడా వేశాను. ఆ బాణాలన్నీ తిరగేసి వేసుకోండి. నేను చెప్పింది తప్పు. ఎంత తప్పు అంటే, ఆ తప్పుని నమ్మి ఇంజన్ బిగించాను, అది మూడు వారాలు కదలకుండా కూర్చుంది.

కొత్తగా చూస్తున్నవాళ్ళ కోసం కొంచెం వెనక్కి వెళ్తాను. పరవాడ అంటే ఇప్పుడు అనకాపల్లి జిల్లా. మాకు అలవాటు ప్రకారం వైజాగే అనుకోండి. ఊళ్ళో ఎటు నుంచి చూసినా సింహాద్రి థర్మల్ ప్లాంటు కూలింగ్ టవర్లు కనిపిస్తాయి. ఈ తాతగారు టర్నర్. స్టీల్ ప్లాంటు కట్టే రోజుల నుంచి కాంట్రాక్టు వర్క్‌షాపుల్లో లేతు మీద పనిచేశాడు. ఆ రోజుల్లో ఒక ఇంజినీరు గారి టేబుల్ మీద ఇలాంటి బొమ్మ ఇంజన్ తిరుగుతుంటే రెండు మూడు నిమిషాలు చూశాడట. డ్రాయింగు లేదు, కొలత లేదు. ఇంటికొచ్చి, కంటితో చూసింది చేత్తో చేసేశాడు. ఆటోనగర్ స్క్రాపులో దొరికిన పోత ఇనుము ముక్కతో సిలిండరూ పిస్టనూ, ఇత్తడి ఫ్లైవీలు, పాత హాక్సా బ్లేడు పళ్ళు గీకేసి వాల్వు. అది తిరిగింది. ఎందుకు తిరిగిందో ఆయనకి తెలీదు. ఆ మాట ఆయనే చెప్తాడు, సిగ్గుపడకుండా.

ఇప్పుడు ఆయనకి చూపు దాదాపు పోయింది. షుగరు. ఇంజన్ కూడా ఆగిపోయింది. కొడుకు దుమ్ము పట్టిందని విప్పి, శుభ్రం చేసి, కుట్టు మిషన్ నూనె బాగా పోసి మళ్ళీ బిగించాడు. మంచి ఉద్దేశమే. అప్పట్నుంచి తిరగదు. కామ్‌ని ఇరుసుకి పట్టి ఉంచే చిన్న స్క్రూ వదిలేసి, కామ్ ఎటు తిరిగి ఉండాలో ఆ గుర్తు పోయింది. తాతగారు ఒకప్పుడు దాన్ని చూసి, విని, అటూ ఇటూ జరిపి సరిచేసేవాడు. ఇప్పుడు చూడలేడు. “మాస్టారూ, అది ఏటికి తిరుగుతాదో మీరు కనిపెట్టండి. నానెలాగూ సెప్పలేను. మా మనవరాలికి ఎవులో ఒకరు సెప్పాల గదా,” అని నా చేతిలో పెట్టాడు. మనవరాలు తొమ్మిదో తరగతి.

సరే, ఇంజన్ ఎలా ఉంటుందో మాటల్లో చెప్తాను. అడ్డంగా పడుకున్న సిలిండరు, లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు. బయట చుట్టూ పలచటి రెక్కలు, మోటార్ సైకిల్ ఇంజన్‌కి ఉన్నట్టు. ఒక చివర తెరిచి ఉంటుంది, అటు నుంచి పిస్టను, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు, ఫ్లైవీలు. రెండో చివర మూసి ఉంటుంది, కానీ ఆ మూత పక్కన పెన్సిల్ పట్టేంత ఒక రంధ్రం. ఆ రంధ్రం మీద హాక్సా బ్లేడు ముక్క పైకీ కిందకీ జారుతుంది. దాన్ని జరిపేది కామ్. రంధ్రానికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో స్పిరిట్ దీపం మంట. అంతే. పెట్రోలు లేదు, ఆవిరి లేదు, స్పార్కు లేదు. ఇంకా విచిత్రం, మంట సిలిండర్ కింద లేదు, పక్కన ఉంది.

నా దగ్గర ఉన్న ఆధారం ఏంటంటే, ఇంజన్ తిరిగే రోజుల్లో కొడుకు ఫోన్‌లో తీసిన 14 సెకన్ల వీడియో. అందులో చక్రం ఒక్కొక్క చుట్టుకీ రంధ్రం దగ్గర మంట “థుప్” అని బయటికి చిమ్ముతుంది. నేను దాన్నే పట్టుకున్నాను. చూశారా, లోపల ఒత్తిడి పెరిగింది, పని అయిపోయాక పొగ బయటికి కొట్టింది, ఎగ్జాస్టు అన్నమాట, అనుకున్నాను. కాబట్టి పిస్టన్ బయటికి వెళ్ళేటప్పుడు వాల్వు మూసి ఉండాలి, లోపలికి వచ్చేటప్పుడు తెరిచి ఉండాలి. అలా కామ్ బిగించాను. దీపం వెలిగించాను. చక్రం తోశాను. రెండు చుట్లు తిరిగి ఆగింది. మళ్ళీ తోశాను. మళ్ళీ ఆగింది. ఆగడం కూడా ఊరికే కాదు, ఎవరో పట్టుకుని ఆపినట్టు ఆగేది. అది కూడా ఒక ఆధారమే, అప్పుడు నాకు తట్టలేదు.

దోషం స్పిరిట్‌దేమో అనుకున్నాను. నిజానికి మొదటి రోజు స్పిరిట్ దొరక్క, కరోనా నాటి శానిటైజర్ సీసా ఒకటి మిగిలి ఉంటే దాన్ని పోశాను. దయచేసి అలా చెయ్యకండి. అందులో నీళ్ళూ గ్లిజరినూ ఉంటాయి. మంట నీరసంగా వస్తుంది, పైగా రంధ్రం చుట్టూ జిగురు కడుతుంది. ఇంకో మాట. స్పిరిట్ మంట పగటి వెలుగులో సరిగ్గా కనపడదు. పిల్లలు ఒంటరిగా చేసే పని కాదు ఇది.

ఇక అసలు విషయానికి వస్తాను. కిందటి ఎపిసోడ్ చూసి తాతగారి మనవరాలు మా ఇంటికొచ్చింది. ఆ 14 సెకన్ల వీడియోని బాగా నెమ్మది చేసి పట్టుకొచ్చింది. “మాస్టారూ, మీరు గాలి వ్యాకోచించి పిస్టన్‌ని తోస్తుందన్నారు. అలాగైతే పిస్టన్ బయటికి వెళ్తున్నప్పుడు మంట లోపలికి ఎందుకు వంగుతోంది? లోపల ఒత్తిడి ఎక్కువుంటే మంటని బయటికి ఊదాలి గదా?” అంది.

నేను చూశాను. నిజమే. పిస్టన్ బయటికి వెళ్తున్నంతసేపూ వాల్వు తెరిచే ఉంది. నీలం మంట పక్కకి వంగి, సాగి, దారంలా రంధ్రంలోకి పోతోంది. పిస్టన్ చివరికి వెళ్ళగానే బ్లేడు రంధ్రాన్ని మూసేసింది. మంట మళ్ళీ నిటారుగా నిలబడింది. ఆ తర్వాత పిస్టన్ లోపలికి వస్తోంది, వాల్వు మూసే ఉంది. ఇక లోపలి చివర దగ్గరపడ్డాక ఆ “థుప్”. నేను ఆ చివరి చప్పుడొక్కటే చూశాను, మిగతాదంతా వదిలేశాను. ముప్ఫై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి. ఏం చెప్పమంటారు!

అప్పుడు ఇద్దరం కలిసి ఒక చిన్న పరీక్ష చేశాం. కామ్ పూర్తిగా వదులు చేసేశాం, అంటే వాల్వు మన చేతిలో. దీపం వెలిగించి, నేను చక్రాన్ని చురుగ్గా అర చుట్టు తిప్పి పిస్టన్‌ని బయటికి లాగాను. మంట లోపలికి పోయింది. చివరికి రాగానే ఆ పిల్ల చెక్క పుల్లతో బ్లేడుని జరిపి రంధ్రం మూసింది. నేను చక్రం వదిలేశాను. పిస్టన్ దానంతట అదే లోపలికి వచ్చింది! సగం దూరం వచ్చి నిలబడింది. ఎవరూ తొయ్యలేదు. మళ్ళీ చేశాం. మళ్ళీ వచ్చింది. దీపం ఆర్పేసి చేశాం. రాలేదు.

అంటే ఈ ఇంజన్ తోసే ఇంజన్ కాదండీ. పీల్చే ఇంజన్. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, పిస్టన్‌ని తోసేది లోపలి గాలి కాదు, బయటి గాలి. మనందరి నెత్తిన ఉన్న వాతావరణం.

లెక్క చూద్దాం. వాతావరణం ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 1 కిలో బరువంత నొక్కుతుంది. మన పిస్టన్ ముఖం దాదాపు 5 చదరపు సెంటీమీటర్లు. అంటే బయటి నుంచి 5 కిలోల తోపు ఎప్పుడూ ఉంది. లోపలి నుంచీ అంతే ఉంటే రెండూ సరిపోయి పిస్టన్ కదలదు. ఇప్పుడు లోపలికి పీల్చిన మంట వాయువు, మాటవరసకి 627 డిగ్రీల సెల్సియస్ వేడి మీద ఉందనుకోండి. రంధ్రం మూసేశాం. చుట్టూ ఇనుప గోడ దానికన్నా బాగా చల్లగా ఉంది. వాయువు క్షణంలో 327 డిగ్రీలకి దిగిందనుకోండి. కెల్విన్‌లో చెప్పాలంటే 900 నుంచి 600. పిస్టన్ ఇంకా కదలకముందే మూడోవంతు వేడి తగ్గింది, కాబట్టి మూడోవంతు ఒత్తిడీ తగ్గుతుంది. బయట 5 కిలోలు, లోపల మూడున్నర కిలోల కన్నా తక్కువ. ఆ తేడా, ఒకటిన్నర కిలో పైచిలుకు, పిస్టన్‌ని లోపలికి నెడుతుంది. ఇవి ఉదాహరణకి తీసుకున్న అంకెలు, నేను లోపల థర్మామీటరు పెట్టలేదు.

మరి ఆ “థుప్” ఏంటి? పిస్టన్ లోపలికి వస్తున్నకొద్దీ మిగిలిన వాయువుకి చోటు తగ్గి, ఒత్తిడి మళ్ళీ బయటి గాలితో సమానమవుతుంది. అక్కడితో పని అయిపోయింది. ఇంకా ముందుకొస్తే అది పిస్టన్‌కి అడ్డుపడుతుంది. అందుకే అక్కడ వాల్వు తెరిచి, వాడేసిన వాయువుని ఉమ్మెయ్యాలి. నేను ఆ ఉమ్మునే బలం అనుకున్నాను.

ఇంట్లో మీరు రోజూ చూసేదే ఇది. వేడి వేడి చారు స్టీలు డబ్బాలో పోసి మూత బిగించండి. గంట తర్వాత మూత రాదు. లోపలి ఆవిరి చల్లారి నీరైంది, బయటి గాలి మూతని నొక్కి పట్టుకుంది. ఆ మూతని పిస్టన్ అనుకోండి.

ఆ పిల్ల ఇంకో ప్రశ్న వేసింది. పళ్ళెంలో నీళ్ళు పోసి, కొవ్వొత్తి వెలిగించి గ్లాసు బోర్లిస్తే నీళ్ళు పైకొస్తాయి గదా, అది ఆక్సిజన్ అయిపోవడం వల్ల అని చెప్తారు, ఇక్కడా అంతేనా అని. మంచి ప్రశ్న. ఆ కొవ్వొత్తి ప్రయోగానికి మనం బళ్ళో చెప్పే కారణమే సరైంది కాదు. నీళ్ళు నెమ్మదిగా కాదు, కొవ్వొత్తి ఆరిపోయాక గబుక్కున పైకొస్తాయి, గమనించండి. మంట వేడికి ముందే కొంత గాలి గ్లాసు అంచు కింద నుంచి బుడగలుగా పోతుంది, మిగిలినది చల్లారి ముడుచుకుంటుంది. ఎక్కువ భాగం అదీ సంగతి. ఇక మన స్పిరిట్ సంగతి చూస్తే, ఒక ఆల్కహాల్ అణువు 3 ఆక్సిజన్ అణువులతో కలిసి కాలితే 2 కార్బన్ డయాక్సైడ్, 3 నీటి ఆవిరి వస్తాయి. నాలుగు పోయి ఐదు వచ్చాయి. కాలడం వల్ల వాయువు తగ్గలేదు, పెరిగింది. తగ్గించేది చల్లదనమే.

సిద్ధాంతం మారాక కామ్ ఎలా పెట్టాలో తెలిసిపోయింది. నేను పెట్టినదానికి సరిగ్గా ఉల్టా. బయటికి వెళ్ళేటప్పుడు తెరిచి, లోపలికి వచ్చేటప్పుడు మూసి. నేను పెట్టిన పద్ధతిలో పిస్టన్ బయటికి వెళ్తుంటే రంధ్రం మూసి ఉండేది, అంటే లోపల శూన్యం ఏర్పడి పిస్టన్‌ని వెనక్కి లాగేది. ఎవరో పట్టుకుని ఆపినట్టు అన్నాను చూడండి, పట్టుకున్నది అదే.

కామ్ తిప్పి బిగించాం. వెంటనే తిరిగేసింది అనుకుంటున్నారా? లేదు. నాలుగైదు చుట్లు ఎక్కువ తిరిగింది, అంతే. రంధ్రం మీద బొటనవేలు పెట్టి చక్రం తిప్పితే వేలిని గట్టిగా పీల్చాలి. పీల్చింది, కాబట్టి పిస్టన్ బాగానే ఉంది. మరి వేలు తీసి బ్లేడుతో మూసి తిప్పితే? “సుయ్” మని గాలి. హాక్సా బ్లేడు మంట దగ్గర ఉండి ఉండి కొంచెం వంపు తిరిగింది. గాజు పలక మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్ళు చల్లి, బ్లేడు ముఖాన్ని గంటసేపు రుద్దాను. మొత్తం ముఖం ఒకేలా మెరిసేదాకా.

నూనె కూడా పూర్తిగా తుడిచెయ్యాల్సి వచ్చింది. ఈ ఇంజన్‌కి నూనె శత్రువు. నూనె పొర పిస్టన్‌కి అంటుకుని పట్టేస్తుంది, కాలి మసి అవుతుంది. ఉన్న బలమే కిలో, కిలోన్నర. అందులో సగం జిడ్డుకే పోతే ఇంకేం మిగులుతుంది? తాతగారు నూనె మాట వినగానే, “అయ్యబాబోయ్, నూనె పోసీసినాడా? నాను పెన్సిలు ముల్లు అరగదీసి పొడుం రాసీవోణ్ణి,” అన్నాడు. గ్రాఫైట్! కారణం తెలీకపోయినా చేతికి తెలుసు.

అంతా అయ్యాక వెలిగిస్తే అర నిమిషం తిరిగి ఆగింది. విప్పి చూస్తే సిలిండర్ లోపల తడి. ఇందాక లెక్కలో 3 నీటి ఆవిరి అణువులు వచ్చాయి కదా, ఇనుము మరీ చల్లగా ఉంటే అవి గోడ మీద నీళ్ళయి పిస్టన్‌ని అతికిస్తాయి. మన సముద్రపు గాలికి అసలే చెమ్మ. అందుకని ముందు సిలిండర్‌ని చెయ్యి పెట్టలేనంత వేడి చేసి, తుడిచి, అప్పుడు తిప్పాను.

తిరిగింది. ఆగలేదు. టుక్ టుక్ టుక్ మంటూ. చూస్తుంటే మంటని ముక్కలు ముక్కలుగా కొరికి మింగుతున్నట్టు ఉంటుంది. విదేశాల్లో మోడల్ ఇంజన్లు కట్టేవాళ్ళు కూడా దీన్ని మంటని తినే ఇంజన్, మంటని నాకే ఇంజన్ అనే అర్థం వచ్చే పేర్లతోనే పిలుస్తారు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన కథ ఒకటి చెప్పాలి. 1712లో ఇంగ్లండ్‌లో థామస్ న్యూకొమెన్ గనుల్లోంచి నీళ్ళు తోడే ఇంజన్ పెట్టాడు. అదీ ఈ జాతిదే. సిలిండర్‌లో ఆవిరి నింపి, చన్నీళ్ళు చిమ్మి, ఆవిరిని నీరుగా మార్చి, బయటి గాలితో పిస్టన్‌ని దించేది. 1763 శీతాకాలంలో గ్లాస్గో యూనివర్సిటీవాళ్ళు తమ దగ్గరున్న న్యూకొమెన్ ఇంజన్ నమూనా సరిగ్గా పనిచెయ్యడం లేదని ఒక పనివాడికి రిపేరుకి ఇచ్చారు. ఆ పనివాడి పేరు జేమ్స్ వాట్. అదీ బొమ్మే! కొన్ని తోపులు వేసి ఆగిపోయేది. పెద్ద ఇంజన్ నడుస్తుంటే చిన్నది ఎందుకు ఆగుతోంది అని వాట్ తల పట్టుకున్నాడు. చిన్న వస్తువుకి దాని లోపలి చోటుతో పోలిస్తే గోడ వైశాల్యం ఎక్కువ. ఆ గోడ వేడిని తాగేస్తుంది, ఆవిరంతా సిలిండర్‌ని వేడి చెయ్యడానికే పోతోంది. ఆ ఆలోచన సాగి సాగి, 1765లో ఆవిరిని వేరే గదిలో చల్లార్చాలన్న ఊహ తట్టింది. కండెన్సర్.

ఇప్పుడు మన ఇంజన్ చూడండి. అదే చిన్నతనం, అదే గోడ. వాట్ చేతిలోని బొమ్మని ఏది ఆపిందో అదే తాతగారి బొమ్మని నడుపుతోంది. దీనికి గోడ వేడిని తాగెయ్యడమే కావాలి, అదీ ఒక్క తోపు పట్టేంత సమయంలో. ఇదే ఇంజన్ డ్రమ్మంత సైజులో కడితే మధ్యలో ఉన్న వాయువు చల్లారేలోపు పిస్టన్ వచ్చి వెళ్ళిపోతుంది. పైగా ఎంత బాగా కట్టినా తేడా ఒక వాతావరణం దాటదు. అందుకే ఇది బొమ్మగానే మిగిలింది. ప్రయత్నించినవాళ్ళు లేకపోలేదు. 1823లో శామ్యూల్ బ్రౌన్ అనే ఇంగ్లీషాయన సిలిండర్‌లో గ్యాస్ మండించి, నీళ్ళతో చల్లార్చి, ఆ శూన్యంతో నడిచే పెద్ద ఇంజన్‌కే పేటెంటు తీసుకున్నాడు. నడిచింది కూడా. ఖర్చుకి తట్టుకోలేదు.

కానీ ఆ సూత్రం మాయమవలేదండీ. మా ఊరి టవర్లనే చూడండి. సింహాద్రిలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు. టర్బైన్‌లోంచి బయటికొచ్చే ఆవిరి కండెన్సర్‌లో సముద్రపు నీళ్ళ వల్ల చల్లారి నీరవుతుంది. అక్కడ ఒత్తిడి వాతావరణంలో పదో వంతు దగ్గర ఉంటుంది. ముందు నుంచి బాయిలర్ తోపు, వెనక నుంచి ఈ శూన్యం. ఆ టవర్ల పైనుంచి తెల్లగా లేచేది పొగ కాదు, ఆ చల్లార్చే పనిలో పోయే నీటి ఆవిరి.

మళ్ళీ మన బల్ల దగ్గరికి వద్దాం. ఇంజన్ పట్టుకెళ్ళి తాతగారి వరండాలో పెట్టాను. వెలిగించాను. తిరిగింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి వింటున్నాడు. ఎనిమిది, తొమ్మిది నిమిషాలయ్యాక నాకేమీ తేడా తెలియలేదు కానీ ఆయన, “బరువెక్కతంది. ఆగిపోద్ది,” అన్నాడు. అర నిమిషంలో నీరసించడం నా కంటికీ కనిపించింది. సిలిండర్ బాగా వేడెక్కిపోయింది, ఇక గోడ వాయువుని చల్లార్చలేదు. మనవరాలు తడి గుడ్డ పిండి రెక్కల మీద వేసింది. మంట మీద పడకుండా, జాగ్రత్తగా. “స్స్” మంది. చక్రం మళ్ళీ పుంజుకుంది.

తడి గుడ్డతో పుంజుకుంది కాబట్టే ఇది పీల్చే ఇంజన్ అని రుజువైనట్టు కాదని ఇక్కడ కొందరు అనొచ్చు. నిజమే, వేడిగాలి ఇంజన్లకి కూడా ఒక చల్లటి వైపు కావాలి. రుజువు చెక్క పుల్ల పరీక్షలోనే అయిపోయింది. గుడ్డ సంగతి చెప్పింది తాతగారి కోసం. ఎందుకంటే ఆయన ఆ రెక్కలు ఆ ఇంజినీరు గారి బొమ్మ మీద ఉన్నాయి కాబట్టి చెక్కాడు. అందం కోసం అనుకున్నాడట ఇన్నాళ్ళూ.

“మంట నడుపుతాదనుకున్నాను,” అన్నాడు. మనవరాలు ఆయన వేలు పట్టుకుని రెక్కల చివర, గుడ్డ ఆరిన చోట ఆనించింది. చురుక్కుమని చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వాడు. “మరి ఈ రెక్కలు ఇంకో రెండు పెంచితే గుడ్డ అక్కర్లేదేటి?”

అక్కర్లేకపోవచ్చు. కొత్త సిలిండర్‌కి పోత ఇనుము ముక్క వెతుకుతున్నాం. ఈసారి రెక్కలు పొడుగ్గా పెట్టి, గుడ్డ లేకుండా ఎన్ని నిమిషాలు తిరుగుతుందో గడియారం పెట్టి చూద్దాం. లేతు మీద పని నాది కాదు, ఊళ్ళో ఒక కుర్రాడు చేస్తానన్నాడు. పక్కన కుర్చీ వేసుకుని తాతగారు కూర్చుంటారు. అది వచ్చే ఎపిసోడ్. నమస్కారం.